మూడో రిలే

కొత్త కంట్రోలర్ పెట్టె తెరుచుకోవడానికి నాలుగంకెలు అడుగుతోంది. ఊళ్ళోని పన్నెండు మురుగునీటి పంపింగ్ స్టేషన్లకూ ఆ నాలుగంకెలు పెట్టింది నేనే, అన్నిటికీ ఒకటే, మా అమ్మ పుట్టిన సంవత్సరం, అయినా వేలు బటన్ దాకా వెళ్ళి ఆగిపోతోంది. నా వెనక మూడడుగుల దూరంలో ఒరిన్షా వదిన కూర్చుని ఉంది. పదహారేళ్ళు ఆ కుర్చీలో ఆమె భర్త జాక్సిలిక్ అన్న కూర్చున్నాడు. మార్చి పద్నాలుగున, ఈ గదికి సరిగ్గా కింద ఉన్న పంపుల గదిలో చనిపోయాడు. ఇప్పుడు మే నెలాఖరు. ఈ అయిదో స్టేషన్‌కి ఇప్పుడు ఆపరేటర్ ఆమే. గంటగంటకీ నీటిమట్టం పుస్తకంలో రాస్తుంది, పంపుల చప్పుడు వింటుంది, నేల తుడుస్తుంది. పొద్దున నేను వచ్చినప్పుడు "వచ్చావా" అంది, అంతే, ఆ తర్వాత మాట లేదు. పన్నెండింటికి మా పై అధికారి గెన్నాదీ పాక్ వచ్చి అప్పగింత కాగితం మీద మా ఇద్దరి సంతకాలూ తీసుకుంటాడు. ఇప్పుడు పదకొండు. అయిదు రిలేలు, అంటే పంపుల్నీ సైరన్‌నీ వేసి ఆపే మీటలు, అమర్చాలి. ఇరవై నిమిషాల పని. మిగతా నలభై నిమిషాలు ఏం చెయ్యాలో నాకు తెలియదు.

అంకెలు నొక్కాను. తెర తెరుచుకుంది. కొలత మీటర్లలో, సరే. సెన్సర్ నుంచి, మురుగు చేరే బావి అడుగుదాకా ఎంత? ఆరు మీటర్ల నలభై. పొద్దున నేనే బరువు కట్టిన టేపు వదిలి కొలిచాను, పైకి తీసేటప్పుడు టేపు చివర నల్లటి జిగురు వేలాడింది, వాసనకి పదిహేనేళ్ళుగా అలవాటు పడిన ముక్కు ఇవాళ ఎందుకో తట్టుకోలేదు. ఈ పెట్టె పని చాలా చిన్నది. బావి మీద ఇనుప కమ్మీకి సెన్సర్ వేలాడుతుంటుంది, కిందికి చూస్తూ. మనకి వినపడని చప్పుడొకటి కిందికి పంపుతుంది, అది నీళ్ళకి తగిలి తిరిగొస్తుంది, ఎంతసేపట్లో వచ్చిందో చూసి నీళ్ళు ఎంత ఎత్తున ఉన్నాయో చెబుతుంది. జాక్సిలిక్ అన్నకి ఇది మొదటిసారి వివరించినప్పుడు పగలబడి నవ్వాడు. "అయితే ఇది మా అత్తగారే చెల్లెమ్మా! మెల్లిగా పిలుస్తుంది, జవాబు ఎంతసేపటికొచ్చిందో గుర్తుపెట్టుకుంటుంది." ఆ రోజు అన్నకి అన్నం గిన్నె ఇవ్వడానికి వచ్చిన ఒరిన్షా వదిన గుమ్మంలోంచే అరిచింది, "మా అమ్మని మురుక్కాలవలోకి దింపావా, ఇంటికి రా చెబుతాను" అని. అప్పుడు ఆమెకి నవ్వితే చెంపల మీద రెండు గుంటలు పడేవి. ఇవాళ నేను ఆ చెంపల వంక చూడలేదు. తెర వంకే చూస్తున్నాను. కిటికీలోంచి పోప్లార్ చెట్ల దూది లోపలికి ఎగిరొస్తోంది, బల్ల మీద, పుస్తకం మీద, ఆమె తలకి కట్టుకున్న గుడ్డ మీద వాలుతోంది. ఆమె దులుపుకోవడం లేదు.

మొదటి రిలే, మొదటి పంపు. రెండు మీటర్ల నలభై దగ్గర మొదలవ్వాలి, ఒక మీటరు దగ్గర ఆగాలి. రెండో రిలే, రెండో పంపు, రెండు ఎనభై దగ్గర. మొదలయ్యే ఎత్తుకీ ఆగే ఎత్తుకీ మధ్య ఎడం ఉంచాలి, లేకపోతే పంపు క్షణానికోసారి మొదలై ఆగి, మొదలై ఆగి, కాలిపోతుంది. నాకు ఇది చెప్పింది కాలేజీలో పాఠం చెప్పినవాళ్ళు కాదు, అన్నే. నేను కరగందా నగరం నుంచి చదువు ముగించుకుని ఈ ఊరొచ్చిన చలికాలం, కాళ్ళకి ఉన్ని బూట్లు, చేతిలో స్క్రూడ్రైవర్ల సంచి, ఒక్క స్టేషన్లో కూడా నన్ను కూర్చోమన్నవాళ్ళు లేరు, ఆడపిల్లకి కరెంటు పెట్టెలతో ఏం పనని నవ్వారు. ఇక్కడ మాత్రం అన్న తన కుర్చీ ఖాళీ చేసి, "కూర్చో చెల్లెమ్మా, ముందు చేతులు వేడి చేసుకో, చల్లటి చేతులతో తీగలు ముట్టుకుంటే అవి అలుగుతాయి" అన్నాడు. తర్వాత కిందికి తీసుకెళ్ళాడు. మెట్ల పైన ఇనుప తలుపు దగ్గర ఆపి, వేలు చూపించి మూడు సంగతులు చెప్పాడు. తలుపు తెరిచి పది నిమిషాలు ఆగు. గాలి పంకా వెయ్యి. ఒంటరిగా దిగకు. "కుళ్ళిన గుడ్డు వాసన వస్తే భయపడు. ఆ వాసన ఉన్నట్టుండి పోయిందనుకో, ఇంకా భయపడు. అది పోలేదు, నీ ముక్కే చచ్చిపోయింది." ఇలా చెప్పిన మనిషి ఒంటరిగా దిగాడు. పది నిమిషాలు ఆగలేదు. ఆగితే నీళ్ళు ఎదురు తన్ని వీధి అవతల ఉన్న కిండర్‌గార్టెన్ కింది అంతస్తులోకి వెళ్ళేవి, పిల్లలు మధ్యాహ్నం పడుకునే గది అదే. ఆయన దిగి నీళ్ళని వేరే గొట్టంలోకి మళ్ళించే పక్కదారి తూము తిప్పాడు. పూర్తిగా తిప్పాడు, పద్దెనిమిది చుట్లు, తర్వాత నేనే లెక్కపెట్టాను. పిల్లల గదిలోకి ఒక్క చుక్క వెళ్ళలేదు. ఆ సంగతి విచారణ కమిషన్ కాగితంలో ఎక్కడా లేదు.

మూడో రిలే. తెర మీద జాబితా కిందికి జరుగుతోంది. సున్నా అంటే ఆపివేసినట్టు. ఆ తర్వాత ఎత్తు అలారం, పల్లపు అలారం, ఇంకా ఏవేవో. ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు రిలేలన్నీ సున్నా మీదే ఉంటాయి. ఎవరో ఒకరు వచ్చి ఇంత ఎత్తుకి నీళ్ళొస్తే భయపడాలి అని చెప్పేదాకా ఈ పెట్టెకి దేనికీ భయం లేదు. నేను జనవరిలో దాన్ని మళ్ళీ ఆ స్థితికి తీసుకెళ్ళాను. పాత పెట్టె, ఇదే జాబితా, ఇదే వేలు. బయట సున్నాకి ముప్ఫయి డిగ్రీలు కింద చలి, బావిలోంచి వెచ్చటి ఆవిరి లేచి సెన్సర్ ముఖం మీద గడ్డకట్టేది, చప్పుడు నీళ్ళదాకా వెళ్ళకుండా ఆ మంచుకే తగిలి తిరిగొచ్చేది, పెట్టె నీళ్ళు నిండిపోయాయనుకుని సైరన్ మోగించేది. బావిలో నీళ్ళు మోకాలెత్తు కూడా లేవు. అన్న చెవుల్లో దూది పెట్టుకుని, పైన బొచ్చు టోపీ లాక్కుని కూర్చుని ఉన్నాడు.

"బాగిలా, చెల్లెమ్మా, దీని నోరు మూయించు. లేదా నన్ను పూడ్చిపెట్టు. ఏదో ఒకటి చెయ్యి."

"మంచు పట్టింది అన్నా. వేడిచేసే తొడుగు తెప్పించాలి. వారం పది రోజులు పడుతుంది."

"పది రోజులా! పొద్దుట్నుంచి ఇరవై మూడుసార్లు కూసింది. పిల్లలు పడుకోవట్లేదని కిండర్‌గార్టెన్ ఆయా చీపురు పట్టుకుని వచ్చింది. చీపురు చూస్తే నాకు భయం లేదు గానీ, ఆవిడ నోరు సైరన్‌ని మించిపోయింది."

నవ్వాను. నవ్వుతూనే ఇద్దరం కిందికి దిగాం, పాత పెట్టె అక్కడే గోడకి ఉండేది, నాలుగంకెలు నొక్కాను. మూడో రిలే దగ్గర సున్నా పెట్టాను. "తొడుగు వచ్చేదాకా ఆపుతున్నాను. అప్పటిదాకా నీళ్ళు నువ్వే చూసుకోవాలి" అన్నాను. "పదహారేళ్ళుగా చూస్తున్నది ఎవరనుకున్నావ్, ఆ డబ్బానా?" అన్నాడు. చెవిలో దూది తీసి నిశ్శబ్దాన్ని విన్నాడు. కళ్ళు మూసుకుని, చిన్నపిల్లాడిలా. ఆ ముఖం చూసి నాకు సంతోషమైంది. అదీ నేను మర్చిపోలేనిది. మనిషికి మేలు చేశాననే సంతోషంతో ఆ మెట్లు ఎక్కి వెళ్ళాను.

తొడుగు తొమ్మిదో రోజున వచ్చింది. నేనే బిగించాను, నిచ్చెన మీద నిలబడి, గాలికి కళ్ళలో నీళ్ళు వచ్చి గడ్డకడుతుంటే. బొటనవేలు కోసుకుంది. ఆ రోజు అన్నకి సెలవు, వేరే మనిషి ఉన్నాడు. రక్తం కారుతుంటే గుడ్డ చుట్టుకుని, ఇంకేమీ చూడకుండా బస్సు పట్టుకున్నాను. బస్సులో గుర్తొచ్చింది. నాకు నేను ఇన్నాళ్ళూ మర్చిపోయానని చెప్పుకున్నాను, మనిషి మర్చిపోతాడు, పన్నెండు స్టేషన్లు, ఒక్కదాన్ని. అది అబద్ధం. రెండో స్టాపు దాటాక, సిమెంటు ఫ్యాక్టరీ గోడ దగ్గర, స్పష్టంగా గుర్తొచ్చింది, మూడో రిలే మళ్ళీ పెట్టలేదని. రేపు పెడదాంలే అనుకున్నాను. వేలు నొప్పిగా ఉంది. మర్నాడు తొమ్మిదో స్టేషన్లో కరెంటు తీగ తెగింది. ఆ తర్వాత రోజు ఇంకేదో. సైరన్ మోగడం లేదు కాబట్టి ఎవరూ ఫోన్ చెయ్యలేదు. నోరు మూసుకున్నదాన్ని చూసి బాగుందనుకోవడం ఎంత తేలిక. ఫిబ్రవరి గడిచింది. ఒకసారి, బహుశా నెల చివర్లో, ఈ వీధిలోంచే వెళ్ళాను, కిటికీలోంచి అన్న చెయ్యి ఊపాడు, నేనూ ఊపాను. ఆగితే అయిదు నిమిషాల పని.

ఎత్తు అలారం. ఎంచుకున్నాను. మూడు మీటర్ల ఇరవై దగ్గర మోగాలి, మూడు మీటర్లకి తగ్గాక ఆగాలి. ఆలస్యం ఎంత? సున్నా. ఒక్క క్షణం కూడా వద్దు. మార్చిలో మూడు రోజుల్లో మంచంతా కరిగింది. గడ్డి మైదానం మీద చలికాలమంతా పేరుకున్నది ఒక్కసారిగా ఊళ్ళోకి దిగింది. చెత్త, గుడ్డలు కొట్టుకొచ్చి మొదటి పంపు గొంతులో పడ్డాయి. అన్న అప్పుడు బయట ఉన్నాడు, గడ్డపారతో వీధి కాలువ జల్లెడ మీద ఐసు పగలగొడుతున్నాడు, అది ఆయన పని కూడా కాదు, కానీ పగలగొట్టకపోతే వీధి మునుగుతుంది. నీళ్ళు మూడు ఇరవై దాటాయి. మూడున్నర. నాలుగు. సైరన్ మోగితే గడ్డపార పడేసి పరిగెత్తేవాడు, రెండో పంపు మీట వేసేవాడు, పాత పెట్టెతో దాన్ని చేత్తోనే వెయ్యాలి, పైనుంచే, అంతటితో అయిపోయేది, సాయంత్రం ఇంటికెళ్ళి బూట్లు విప్పేవాడు. మోగలేదు. ఆయన లోపలికొచ్చేసరికి రెండో పంపు కూడా మునిగింది, కిందికి దిగడమే మిగిలింది. కమిషన్‌లో ముగ్గురు కూర్చున్నారు. ఒకాయన, కళ్ళజోడు మనిషి, కలం మూత తీస్తూ అడిగాడు, సైరన్ పనిచేస్తోందా అని. పాత కంట్రోలర్ కింది గదిలో గోడకి ఉండేది, రెండు రోజులు మురుగులో నాని నల్లగా అయిపోయింది, దానిలోంచి ఎవరూ ఏమీ చదవలేరు. అది ఇక నోరు విప్పదని రూఢి అయ్యాకే నేను మాట్లాడాను. "చివరిసారి చూసినప్పుడు అన్నీ సరిగ్గానే ఉన్నాయండీ." పాక్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. కళ్ళజోడు మనిషి రాసుకున్నాడు. ఆపరేటరే విసుగుతో సైరన్ ఆపి ఉంటాడు, పని చోటు వదిలి బయట తిరుగుతున్నాడు, నియమం మీరి కిందికి దిగాడు. మూడు వాక్యాలు. మనిషి మొత్తం అంతే.

ఆయన పోయిన నలభయ్యో రోజున వాళ్ళింటికి వెళ్ళాను. వెళ్ళకపోతే ఎవరైనా ఏమనుకుంటారో అని వెళ్ళాను. ముల్లా ప్రార్థన చదివాడు, ముసలమ్మలు ఏడ్చారు, పెద్ద పళ్ళేలలో మాంసం వచ్చింది. ఒరిన్షా వదిన అందర్నీ దాటుకుని వచ్చి నా పక్కన కూర్చుంది, తన చేత్తో నా ముందు మాంసం ముక్కలు పెట్టింది. "ఇంకేమైనా కావాలా బాగిలా?" అని అడిగింది. చాలాసేపు నా ముఖంలోకి చూస్తూ అడిగింది. "చాలు వదినా" అన్నాను. తిన్నాను కూడా. గొంతు దిగదనుకున్నాను, దిగింది.

నాలుగో రిలే పల్లపు అలారం, పంపులు గాలి పీల్చకుండా. అయిదోది, సెన్సర్‌కి తిరుగుచప్పుడు అందకపోతే. ఇక్కడ పెట్టె నన్నే ఒక ప్రశ్న అడుగుతుంది. జవాబు రాకపోతే నేనేమనుకోవాలి? పాత అంకెనే పట్టుకుని ఏమీ జరగనట్టు ఉండనా, ప్రమాదమని కేకలు పెట్టనా? చాలామంది మొదటిది ఎంచుకుంటారు, గొడవ ఉండదని. నేను రెండోది ఎంచుకున్నాను. కరెంటు పోయినా మోగేట్టు తీగలు కలిపాను. ఇక ఈ పెట్టె దేన్నీ దాచడం కుదరదు. ఇంత బాగా, ఇంత జాగ్రత్తగా ఏ స్టేషన్లోనూ చెయ్యలేదు నేను. ఈ జాగ్రత్తలో పదో వంతు ఆ రోజు ఉంటే చాలు, బస్సు ఆపమని చెప్పేదాన్ని.

"పరీక్షించాలి వదినా. సైరన్ మోగుతుంది" అన్నాను. ఆమె తల ఊపింది. పరీక్ష అంటే నీళ్ళు నిజంగా నింపక్కర్లేదు, పెట్టెకి దొంగ ఎత్తు ఇస్తే చాలు, అది నమ్ముతుంది. రెండు మీటర్లు. రెండు నలభై, టక్కుమని మొదటి రిలే. రెండు ఎనభై, రెండోది. మూడు. మూడు పది. మూడు ఇరవై.

సైరన్ గోడల్ని పట్టుకుని ఊపింది. వీధి అవతల కిండర్‌గార్టెన్ పిల్లలు ఆటలాపి కంచె దగ్గరికి పరిగెత్తుకొచ్చారు. ఒరిన్షా వదిన కదల్లేదు. చెవులు మూసుకోలేదు. పైకప్పు వంక చూస్తూ, ఎవరో దూరం నుంచి పిలుస్తుంటే పోల్చుకోవడానికి ప్రయత్నిస్తున్నట్టు, మొత్తం విన్నది. ఎత్తు తగ్గించాను. ఆగింది.

"ఇదా ఆ చప్పుడు" అంది. "నేనెప్పుడూ వినలేదు. ఇంటికొచ్చి చెప్పేవాడు, దిండులోంచి కూడా మోగుతోందే అని." కుర్చీ ముందుకి జరుపుకుని, "దీన్ని ఆపాలంటే ఎక్కడ నొక్కాలి?" అని అడిగింది.

"బటన్ నొక్కితే ఆగదు వదినా. లోపలికి వెళ్ళి మార్చాలి. అంకెలుంటాయి."

"ఆపరేటర్లకి తెలుసా ఆ అంకెలు?"

"తెలియవు."

"గెన్నాదీకి?"

"తెలియవు."

"మా ఆయనకి?"

ఊళ్ళో పోప్లార్లన్నీ ఒక్కసారే రాలుస్తున్నాయేమో, గది నిండా తెల్లగా తేలుతోంది. నా చేతిలో స్క్రూడ్రైవర్ ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. డెబ్బై రోజులుగా నోట్లో పెట్టుకు తిరుగుతున్న మాటలు, రాత్రుళ్ళు గోడకి, బస్సులో కిటికీ అద్దానికి ఎన్నోసార్లు చెప్పినవి, బయటికొచ్చేసరికి ఆరే అయ్యాయి. "నేనే ఆపాను వదినా. జనవరిలో. మళ్ళీ పెట్టలేదు."

"తెలుసు."

తిరిగి చూశాను. పొద్దుట్నుంచి మొదటిసారి ఆమె ముఖం చూశాను. కోపం ఉంటే బాగుండును. బాగా అలిసిపోయిన ఆడమనిషి ముఖం, అంతే.

"ఆ రోజే చెప్పాడు" అంది. "బూట్లు విప్పుతూ చెప్పాడు, బాగిలా దాని నోరు మూసింది, ఇవాళ నిద్రపడుతుంది అని. నువ్వెళ్ళి బాగిలాని అడుగు అని ముందు రోజు పంపింది కూడా నేనే. మర్నాడు నీకు ఎర్రపళ్ళ మురబ్బా సీసా పంపించాను. దేనికనుకున్నావ్?"

తిన్నాను. రొట్టె మీద రాసుకుని, అడుగంటా గీకి తిన్నాను. దేనికని అడగలేదు.

"ఆయన పోయాక నువ్వొచ్చి చెబుతావని చూశాను. కమిషన్ ముందు చెప్పలేదు, సరే, భయం, మగాళ్ళ మధ్య ఒక్కతివి. నా దగ్గరికొచ్చి చెబుతావనుకున్నా. ఏడో రోజు చూశా. నలభయ్యో రోజు పళ్ళెం పట్టుకొచ్చి నీ పక్కన కూర్చున్నా. ఇంకేమైనా కావాలా అని అడిగా. చాలు వదినా అన్నావ్." ఆమె గొంతు పెరగలేదు. గంటకోసారి పుస్తకంలో మట్టం రాసే గొంతే. "మర్నాడు కంపెనీ వాళ్ళు కాగితం తెచ్చారు. సైరన్ తనే ఆపేస్తుంటానని ఆయన ఇంట్లో చెప్పేవాడట, అది నేను విన్నానట. సంతకం పెడితే ఈ కుర్చీ నాకిస్తామన్నారు, కంపెనీ ఇంట్లో ఉండనిస్తామన్నారు. మా అమ్మాయి తోగ్జాన్‌కి ఇంకా రెండేళ్ళ బడి ఉంది. పొద్దున్న తెచ్చారు. సాయంత్రం దాకా కాగితం బల్ల మీద పెట్టుకుని తలుపు వంక చూస్తూ కూర్చున్నా. నువ్వొస్తే చించేద్దామని. చీకటి పడింది. పెట్టేశా."

ఆ రోజు నేనేం చేస్తున్నాను? గుర్తు తెచ్చుకోవాలని చూశాను. నలభయ్యో రోజు మర్నాడు. ఆదివారం. ఇంట్లోనే ఉన్నాను. తెరలు ఉతికాను. మా ఇంటి నుంచి వాళ్ళింటికి రెండు సందులు. తెరలు ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేశాను.

"పాక్ వస్తాడుగా వదినా, ఇవాళే చెబుతాను. ఇప్పుడే. రాసిస్తాను."

"రాసిచ్చి?" మొదటిసారి ఆమె కళ్ళు కదిలాయి. "నా సంతకం అబద్ధమని తేలుతుంది. కుర్చీ పోతుంది, ఇల్లు పోతుంది. మొగుడు చచ్చాక అతని మీద అబద్ధం చెప్పిన పెళ్ళాం అని ఊరంతా అనుకుంటుంది. నిజమే కదా, చెప్పాను. నీ గుండె తేలికవ్వాలని నా పిల్లని రోడ్డు మీద పడుకోబెట్టమంటావా?"

సెన్సర్ ఎంత బాగా పనిచేసినా, అడుగే లేని బావిలోకి పంపిన చప్పుడు తిరిగిరాదు. ఇన్నాళ్ళూ నేను అనుకున్నది ఒకటుంది. నిజం నా దగ్గర భద్రంగా ఉంది, ఏదో ఒక రోజు ధైర్యం వచ్చాక బయటికి తీసి ఆయన పేరు కడుగుతాను, అప్పటిదాకా దాచుకున్నాను, అంతే అని. అది డబ్బాలో దాచుకునే వస్తువనుకున్నాను. దానికి ఒక గడువుందని, అది ఏప్రిల్‌లో ఒక ఆదివారం చీకటి పడేసరికి దాటిపోయిందని, ఆ తర్వాత అది ఎవరికీ పనికిరాదని, పైగా తోగ్జాన్‌ని కొట్టడానికి తప్ప ఉపయోగపడదని నాకు తెలియదు. ఆయన్ని ఒకసారి చంపాను, తెలియకుండా. రెండోసారి చంపిన వాళ్ళలో ఆయన భార్యని కూడా కలిపాను, తెరలు ఉతుకుతూ.

"మరి నేనేం చెయ్యాలి?" అని అడిగాను. అడగకూడదు. ఆమెని అడగడానికి నాకు ఏ హక్కూ లేదు. అయినా ఇంకెవరిని అడగాలి?

ఆమె లేచి కిటికీ మూసింది. గడియారం చూసి పుస్తకంలో మట్టం రాసింది, రెండు మీటర్ల ముప్ఫయి ఎనిమిది. అప్పుడు, అటు తిరిగే ఉండి, "తనిఖీకి ఎన్నాళ్ళకోసారి వస్తావు?" అంది.

"మూడు నెలలకి."

"వారానికోసారి రా. గురువారం నా షిఫ్టు. వచ్చి ఇది మోగించు. నేను వింటాను. నువ్వూ విను. ఆయన గురించి నాతో ఒక్క ముక్క మాట్లాడకు, ఏడవకు, క్షమించమని అడగకు. మోగించు, వెళ్ళు."

"ఎన్నాళ్ళు వదినా?"

కింద మొదటి పంపు మొదలైంది, నేల సన్నగా వణికింది. ఇద్దరం ఆ వణుకు మీద నిలబడి ఉన్నాం.

పాక్ అయిదు నిమిషాలు ముందే వచ్చాడు, భుజాల మీద దూది, తుమ్ముకుంటూ. "ఈ చెట్లన్నీ నరికించాలి. ఏమ్మా ఒరిన్షా, అలవాటైందా? ఏం బాగిలా, బొమ్మ పనిచేస్తోందా?" అన్నాడు. పనిచేస్తోందన్నాను. రిలేలు ఒక్కొక్కటీ చూపించాను. కాగితం బల్ల మీద పరిచాడు. అమర్చినది, బాగిలా. ముందుగా తానే సంతకం చేసి కలం నాకిచ్చాడు. నేను పెట్టాను. సంతకం కింద ఒక గడి ఉంది, తర్వాతి తనిఖీ తేదీ. నోరు తెరిస్తే ఇప్పుడు తెరవాలి. ఆయన నా ఎదురుగా ఉన్నాడు, ముక్కు తుడుచుకుంటున్నాడు, చెడ్డవాడు కాదు, వింటాడు. ఒరిన్షా వదిన చేతులు కట్టుకుని గోడకి ఆనుకుని ఉంది. ఆ గడిలో గురువారం అని రాశాను. పక్కన, ప్రతి వారం అని రాశాను.

"ప్రతి వారమా? పిచ్చా? ఎవరడిగారు?" అన్నాడు పాక్. ఆయన మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, భుజాలు ఎగరేసి, కలం వదినకి ఇచ్చాడు. ఆమె మెల్లగా, ఒక్కో అక్షరం విడివిడిగా, భర్త ఇంటిపేరుతో సంతకం చేసింది.

"సరే, ఒకసారి మోగించు, నేనూ విన్నానని ఉంటుంది" అన్నాడు పాక్.

దొంగ ఎత్తు ఇచ్చాను. మూడు ఇరవై. పాక్ రెండు చేతులతో చెవులు మూసుకుని నవ్వాడు. కాసేపటికి నవ్వు పోయింది, "చాలు, చాలు, ఆపు" అని పెదాలు కదిలాయి, మాట వినపడలేదు. నా వేలు ఎత్తు తగ్గించే బటన్ మీదే ఉంది. ఒరిన్షా వదిన నా వంక చూస్తోంది. పాక్ చెయ్యి ఊపుతూ తలుపు వైపు నడిచాడు, తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఆమె ఇంకా చూస్తోంది. నేను ఆపలేదు.